గాలితుపాకికి క్రొత్త స్ప్రింగు: ఇంటివద్ద అమర్చుకొను విధము

అడవి చెంతనున్న గ్రామములలో మొక్కజొన్న, వేరుసెనగ, మామిడి పెంచు రైతులు పలువురు గాలితుపాకి నొకదానిని ఇంట నుంచుకొనుచున్నారు. కోతిమూకలు చేనిపై బడినప్పుడు చప్పుడుతో బెదరించుటకును, తీరికవేళల యువకులు గురి నభ్యసించుటకును అది యుపయోగపడుచున్నది. కొన్న యేడు బాగుగ పనిచేసిన తుపాకి మఱుసటి యేటికి బలము తగ్గి, ప్రేల్చినప్పుడెల్ల తీగ మీటినట్లు జుమ్మని మ్రోగి, భుజమును కుదుపుచున్నదని సభ్యులు చెప్పుచుందురు. ఇట్టివారికి కొందఱు వర్తకులు ‘ట్యూనింగు కిట్టు’ అను చిన్న పెట్టెను చూపి, దీనిని వేసినచో తుపాకి రెట్టింపు బలముతో కొట్టునని యాశ పెట్టుట కలదు. ఆ మాట సరికాదు. కిట్టువలన కలుగు ప్రయోజనము వేఱు. దానిని ఇంటివద్ద అమర్చుకొనుట సాధ్యమే. కాని ఒక్కచోట అజాగ్రత్తగ నున్నచో కన్ను పోవును. ఈ రెండు సంగతులును సభ్యులు ముందుగ తెలిసికొనవలయును.

తుపాకిలో జరుగు పని

సైకిలు పంపు మొనను వేలితో మూసి పిడిని నొక్కినచో గాలి నలిగి పంపు వెచ్చబడుట అందఱు నెఱిగినదే. గాలితుపాకియు నట్టి పంపే. కొయ్యపైనున్న ఉక్కు సిలిండరులో ఒక పిస్టను, దాని తలపై తోలుతోగాని రబ్బరువంటి పదార్థముతోగాని చేసిన వాషరు, వెనుక బలమైన స్ప్రింగు ఉండును. మందు చల్లు చేతి స్ప్రేయరులోని వాషరు చేయు పనినే ఇచ్చటి వాషరును చేయును. ముందుగొట్టమును వంచినప్పుడు పిస్టను వెనుకకు జరిగి, స్ప్రింగు నలిగి, ట్రిగ్గరు కొక్కెమునకు చిక్కుకొనును. మీట నొక్కగనే పిస్టను ముందుకు దుమికి, సెకనులో సుమారు నూఱవవంతు కాలమున గాలిని నలిపివేయును. ఆ గాలియే సీసపు గుండును త్రోయును.

ఇందు ముఖ్యముగ గమనింపవలసినది యొకటి గలదు. గుండు అడ్డుగ నున్నప్పుడు దాని వెనుక నలిగిన గాలి, పిస్టను కొనకు చేరులోపల మెత్తని పరుపువలె దానిని ఆపును. గుండు లేనిచో గాలి సులభముగ వెడలిపోవును. పిస్టను ఉక్కుగోడకు సమ్మెటదెబ్బవలె తగులును. కోతులను బెదరించుటకై గుండు లేకుండ ప్రేల్చుటయే మన గ్రామములలో తుపాకులు చెడుటకు పెద్ద కారణము. చప్పుడే కావలసినచో డప్పు, పాత నూనెడబ్బా చాలును. వానికి వాషరులు లేవు, స్ప్రింగులు లేవు.

రెండవ కారణము నూనె. బండి యిరుసునకు పోసినట్లు గుండు పెట్టు రంధ్రములో నూనె పోయువారు గలరు. నలిగిన గాలి మిక్కిలి వేడెక్కును. డీసెలు ఇంజనులో వలెనే ఆ వేడికి నూనె మండును. కార్డ్యూలను ఆంగ్ల పరిశోధకులు ఇట్టి తుపాకిని నత్రజనిలో నుంచి ప్రేల్చి చూడగా గుండు వేగము తగ్గినది. దీనివలన మామూలు ప్రేలుడులో సైతము కొద్దిపాటి నూనె మండుచున్నట్లు తేలినది. ఆ కొద్దిపాటివలన హాని లేదు. నూనె హెచ్చినప్పుడు అది ఒక్కుమ్మడి ప్రేలి పిస్టనును వెనుకకు తన్నును. స్ప్రింగు విఱుగును, వాషరు కాలును.

మూడవది, తుపాకిని ఎక్కుపెట్టి రాత్రియంతయు మంచెపై నుంచుట. దీనివలన స్ప్రింగు క్రమముగ కుంగిపోవును. అంతకంటె నది ప్రమాదకరమని వేఱుగ చెప్పనక్కఱలేదు.

కిట్టులో నుండునవి

సాధారణముగ కిట్టులో క్రొత్త స్ప్రింగు, దాని లోపల వెనుకవైపున బిగువుగ పట్టు నైలానువంటి గైడు, ముందువైపున టోపివంటి చిన్న బిళ్ల, పిస్టను వాషరు, గొట్టము సిలిండరుతో కలియుచోట నుండు చిన్న రింగు, మాలిబ్డినం డైసల్ఫైడు కలిసిన నల్ల గ్రీజు ఉండును. పాత తుపాకిలో గైడు వదులుగ నుండుటచే స్ప్రింగు లోపల వణకి మ్రోగును. క్రొత్త గైడు దానిని బిగువుగ పట్టుకొనును. కిట్టు చేయు మేలు ప్రధానముగ ఇదియే: కుదుపు తగ్గును, మ్రోత తగ్గును, గుండ్లన్నియు ఒకే వేగముతో వెడలి గురి కుదురును.

ఇంగ్లండులో 1969 నాటి నిబంధనల ప్రకారము 12 అడుగు-పౌనులకు, అనగా సుమారు 16 జౌలులకు మించిన గాలి రైఫిలునకు లైసెన్సు కావలయును. బలము పెంచు దారి మూసికొనిపోగా, అచ్చటి పనివారు తమ నేర్పునంతయు నునుపుగ ప్రేలునట్లు చేయుటయందే చూపిరి.

మన దేశమున 2016 నాటి ఆయుధ నిబంధనలు 4.5 మిల్లీమీటర్ల రంధ్రమును, 20 జౌలుల శక్తిని హద్దుగ నిర్ణయించినవి. వీనిలో నేది మించినను లైసెన్సు కావలయును. లెక్క సులభము: గుండు బరువును కిలోగ్రాములలోను, వేగమును సెకనుకు మీటర్లలోను తీసికొని, వేగమును వేగముచే గుణించి, బరువుచే గుణించి, సగము చేసిన జౌలులు వచ్చును. అరగ్రాము గుండు 200 మీటర్ల వేగముతో పోయినచో 10 జౌలులు. 283 మీటర్లయినచో 20 జౌలులు. కావున హెచ్చు బలముగల స్ప్రింగును వేయుట, స్ప్రింగు వెనుక బిళ్లలు పేర్చుట, పాత స్ప్రింగును సాగదీయుట కూడని పనులు. ప్రాణులపై ప్రేల్చుటయు కూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టమును, నెమలి మొదలగువానిని కాపాడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును మఱువరాదు.

క్లాంపు లేనిదే విప్పరాదు

ఎక్కుపెట్టని తుపాకిలో సైతము స్ప్రింగు కొంత నలిగియే యుండును. విప్పినచో అది రెండంగుళములకు పైగ బయటికి చాచుకొనవచ్చును. ఒక గ్రామమున ఒక యువకుడు తుపాకిని మోకాళ్ల నడుమ నిలిపి వెనుక బిరడాను చేతితో విప్పగా, చివరి మర వదలిన తక్షణమే బిరడాయు గైడును అతని చెంపకు నాలుగు వ్రేళ్ల దూరమున దూసికొనిపోయి పైకప్పు పెంకును పగులగొట్టినవి. ఆ పెంకునకు బదులు మఱియొకటి దొరకును. కంటికి బదులు కన్ను దొరకదు.

కావున వడ్రంగులు పలకలను అతుకునప్పుడు వాడు పొడుగు మర క్లాంపు ఒకటి తప్పక కావలయును. దానితోపాటు సరియైన స్క్రూడ్రైవరు, పిన్నులను త్రోయుటకు పంచి, చిన్న సుత్తి, మెత్తని ఆకురాయి, సన్నని ఉప్పుకాగితము, పాతగుడ్డలు, కంటి అద్దములు సిద్ధపఱచుకొనవలెను.

అమర్చు క్రమము

(1) తుపాకిలో గుండు లేదనియు, ఎక్కుపెట్టి లేదనియు రెండుమార్లు చూడవలెను. ఎక్కుపెట్టి యున్నచో గుండు వేసి ఇసుకబస్తాలోనికి ప్రేల్చవలెను. గొట్టము వంచి యున్నప్పుడు మీటను ముట్టరాదు; గొట్టము ఎగసి వ్రేళ్లను నలుపును, తానును వంగిపోవును.

(2) మరమేకులను తీసి కొయ్యను వేఱుచేసి, ఉక్కు భాగమును గుడ్డ చుట్టి క్లాంపులో నుంచవలెను. క్లాంపు ఒక కొన గొట్టము వైపునను, రెండవ కొన చెక్కముక్క నడుమగ వెనుక బిరడాపైనను ఆనవలెను. సిలిండరును ప్రక్కలనుండి గట్టిగ బిగించిన అది సొట్టపడును.

(3) క్లాంపును కొద్దిగ బిగించిన పిదప పిన్నులు వదులగును. వానిని పంచితో త్రోసి, క్లాంపు మరను మెల్లమెల్లగ విప్పవలెను. మరబిరడా గలదానిలో బిరడాను కొద్దికొద్దిగ విప్పుచు, దానికి తగినట్లు క్లాంపును సడలింపవలెను. స్ప్రింగు పూర్తిగ సాగువఱకు ముఖమును దాని దారిలో నుంచరాదు. తీసిన భాగములను వరుస తప్పకుండ గుడ్డపై పేర్చవలెను.

(4) గొట్టపు ఇరుసు మరను తీసి, ఎక్కుపెట్టు కడ్డీని విడదీసిన పిదప పిస్టను వెనుకనుండి వచ్చును. సిలిండరును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మఱల పొడిగుడ్డతో తుడిచి బాగుగ ఆరనీయవలెను. కిరసనాయిలు మిగిలినచో అదియు మండును.

(5) సిలిండరు క్రింది చీలిక అంచులు తఱచు కత్తివలె నుండును. క్రొత్త వాషరును అవియే కోయును. ఆకురాయితోను ఉప్పుకాగితముతోను వానిని మొద్దుచేసి, ఇనుపపొడి లేకుండ తుడువవలెను.

(6) క్రొత్త వాషరు వేసిన పిస్టను బొటనవ్రేలి ఒత్తిడికి కదలవలెను. తన బరువునకు తానే జారరాదు, పట్టివేయరాదు. బిగువైనచో వాషరు అంచును ఉప్పుకాగితముపై కొంచెము కొంచెముగ అరగదీయవలెను. తోలు వాషరైనచో ఎండిపోకుండ మిక్కిలి కొద్ది నూనె పట్టింపవలెను.

(7) క్రొత్త స్ప్రింగు పూర్తిగ నలిగినప్పుడు ఎంత పొడవుండునో లెక్కింపవలెను. తీగ 3 మిల్లీమీటర్లు, చుట్లు 30 అయినచో ఆ పొడవు 90 మిల్లీమీటర్లు. ఎక్కుపెట్టినప్పుడు దానికి మిగులు చోటు అంతకంటె హెచ్చుగ నుండవలెను. లేనిచో చుట్లు ఒకదానికొకటి తగిలి తుపాకి ఎక్కుపెట్టబడదు; బలవంతము చేసిన స్ప్రింగు చెడును.

(8) నల్ల గ్రీజును పిస్టను ప్రక్కలకును, స్ప్రింగునకును పలుచగ పూయవలెను. వాషరునకు ముందుభాగమున ఎంతమాత్రము పూయరాదు. పిదప విప్పిన క్రమమునకు ఎదురుక్రమమున, మఱల క్లాంపుతోనే బిగింపవలెను.

పరీక్ష

మొదటి ప్రేలుడునుండియు గుండు వేసియే ప్రేల్చవలెను. వెనుక మట్టిగోడ యుండి, ఆ వైపున మనుష్యులును పశువులును తిరుగని చోటు కావలయును. తొలి గుండ్లకు కొంచెము పొగ, కమురు వాసన వచ్చుట సహజము. యాబది గుండ్లు ప్రేల్చినను పెద్ద చప్పుడు, పొగ తగ్గనిచో గ్రీజు హెచ్చినదని యెఱిగి, విప్పి తుడువవలెను. గొట్టము సిలిండరుతో కలియుచోట పలుచని కాగితపు ముక్క నుంచి ప్రేల్చినప్పుడు అది ఎగిరినచో అచ్చటి రింగు గాలి వదలుచున్నదని తెలియును. పది మీటర్ల దూరమున పది గుండ్లు ప్రేల్చి, పాత కాగితముతో పోల్చి చూచినచో చేసిన పని ఫలము కంటికి కనబడును. వేగము కొలుచు యంత్రము దొరకినచో పైని చెప్పిన లెక్క వేసి, 20 జౌలులకు లోబడి యున్నదని నిశ్చయించుకొనుట మంచిది.

సంఘము చేయదగిన పని

తుపాకిగల ప్రతి సభ్యుడును ఏ మూడు నాలుగేండ్లకో ఒకసారి పనిపడు క్లాంపును కొననక్కఱలేదు. కొననందుననే చేతితో విప్పుటకు సాహసించుచున్నారు. స్ప్రేయరులను అద్దెకిచ్చు సంఘములు అదే గదిలో ఒక పొడుగు క్లాంపును, ఒక పంచిని, ఒక జత కంటి అద్దములను ఉంచి, పుస్తకములో వ్రాసికొని ఇచ్చుట కష్టము కాదు. పని తెలిసిన సభ్యుడొకడు మొదటిసారి ప్రక్కన నిలిచి చూపినచో మఱి మంచిది. ఖర్చు కొద్ది, కాపాడునది మన పిల్లల కన్నులు.