నీలగిరి నూనె ఎముక దాకా పోతదా?

పత్తి ఏరే రోజుల్లో, నాట్లు పడ్డ రోజుల్లో నల్లగొండ జిల్లా కట్టంగూర్ చుట్టుపక్కల ఊళ్ళల్లో చీకటి పడితే నీలగిరి నూనె, కర్పూరం, పుదీనా పువ్వు కలిసిన వాసన వస్తుంది. నడుములకు, మోకాళ్ళకు రాసుకునే వేళ అది. ఈ అలవాటు పాతదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. హైదరాబాదులో జిందా తిలిస్మాత్ 1920 నుంచి తయారవుతున్నది. ఇప్పుడు ‘ఎసెన్షియల్ ఆయిల్స్’ అని ఫోన్లలో అమ్ముతున్న చిన్న సీసాల్లో చాలావరకు అవే సరుకులు. వాటి మీద నమ్మకాలు మాత్రం సరుకు చేసే పనికంటే చాలా ముందుకు పోయాయి.

అపోహ: నూనె ఎముకలోకి దిగి నొప్పిని గుంజేస్తది.

వాస్తవం: పుదీనా పువ్వు అంటే మెంథాల్. చర్మంలోని నరాల కొసల దగ్గర చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటుంది, మెంథాల్ దాన్ని తట్టి లేపుతుంది. చర్మం అంతగా చల్లబడకపోయినా చల్లబడిందని మెదడుకు కబురు పోతుంది, ఆ కబురు నొప్పిని కాసేపు అణచిపెడుతుంది. మిరప ఘాటుకు స్పందించే గ్రాహకాన్ని, ఈ చల్లదనపు గ్రాహకాన్ని వెలికితీసిన పరిశోధనలకు డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపౌటియన్‌లకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఉపశమనం ఉత్త భ్రమ కాదు. ఒత్తిడి వల్ల వచ్చే తలనొప్పికి పది శాతం పుదీనా నూనెను నుదుటికి రాస్తే పారాసిటమాల్‌కు దీటుగా పనిచేసిందని 1996లో జర్మనీ వైద్యులు చూపించారు. రుద్దే చెయ్యి కూడా సగం మందే. అయితే కీలులో అరిగిపోయిన మెత్తటి ఎముక మాత్రం నూనెతో తిరిగి రాదు.

మన జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే రోగమే ఫ్లోరోసిస్. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఇక్కడి యువకుల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు 1973లో లాన్సెట్ పత్రికలో ప్రపంచానికి చూపారు. ఫ్లోరోసిస్ తొలి దశలో వచ్చేవి మామూలు కీళ్ళ నొప్పుల్లాగే ఉంటాయి: పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోవడం, మెడ సరిగ్గా తిరగకపోవడం, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం. వయసు మీద పడ్డదనో, పనిభారమనో అనుకుని ఏళ్ళ తరబడి నూనెతో నెట్టుకొస్తే అసలు రోగం బయటపడదు. ఎక్స్‌రే తీయించాలి, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.

దీనికి తోడు ఇంకో అపోహ ఉంది, నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని. పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో దాని పాలు పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. ఇంటింటికి నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్ 8న మన హైవే మీదే, చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఇంటికి నల్లా నీళ్ళు వస్తున్నా చేనుకాడ బోరు నీళ్ళే తాగే అలవాటు ఉంటే దాన్ని మానుకోవాలి. నొప్పులున్న మనిషికి నూనె సీసా కంటే చేనుకు తీసుకుపోయే నీళ్ళ సీసా ఎక్కువ మేలు చేస్తుంది.

అపోహ: చెట్టు నుంచి వచ్చింది, ఎంత రాసినా హాని లేదు.

వాస్తవం: నొప్పులకు రాసుకునే వింటర్‌గ్రీన్ నూనె దాదాపు మొత్తం మిథైల్ శాలిసిలేటే. ఒక టీస్పూను లోపలికి పోతే ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినంత. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు ఒంటికి రాసుకున్నా రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. లవంగ నూనెలోని యూజినాల్‌ను పంటి డాక్టర్లూ వాడతారు. కానీ దూదితో నేరుగా అద్ది గంటలకొద్దీ ఉంచితే చిగురు కాలుతుంది, పుచ్చిన పన్ను పుచ్చినట్టే ఉంటుంది.

ఇంట్లో వాడాలంటే 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో పన్నెండు చుక్కలు కలిపితే సుమారు రెండు శాతం అవుతుంది, చాలు. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడాలి. రాసిన చోట కాపడం పెట్టొద్దు, బిగించి కట్టు కట్టొద్దు, చర్మం బొబ్బలెక్కుతుంది.

నిమ్మ తొక్కను పిండి తీసిన నూనె సంగతి వేరు. నకిరేకల్ పక్కన నిమ్మకాయకు కొదవ లేదు కాబట్టి చెప్పడం. ఆ నూనె రాసుకుని ఎండలో చేనుకు పోతే ఒళ్ళు కమిలి నల్లటి మచ్చలు పడతాయి.

అపోహ: వాసన పీల్చినంత మాత్రాన ఏమైతది?

వాస్తవం: నీలగిరి, కర్పూరం నూనెలకు మూర్ఛ తెప్పించే గుణం ఉంది. వీటిని పీల్చడం, పూయడం వల్ల కూడా పెద్దవాళ్ళలో మూర్ఛలు వస్తున్నాయని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల నరాల వైద్యులు 2021లో ప్రచురించారు. మూర్ఛ ఉన్నవాళ్ళు వీటి జోలికి పోకపోవడమే మంచిది.

పసిపిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం మన ఇళ్ళల్లో మామూలు. రెండేళ్ళ లోపు పిల్లలకు ఆ పని చెయ్యొద్దు, ముక్కు దగ్గర అసలే వద్దు. పూజ కర్పూరం సాధారణంగా టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారుచేసింది, ఒంటికి వాడే మందు కాదు.

పిల్లలు నీలగిరి నూనె గానీ కర్పూరం గానీ మింగితే వేలు పెట్టి కక్కించొద్దు. కక్కించేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ సీసాను కూడా దవాఖానకు పట్టుకుపోండి.