గుండె రక్తనాళం చీలే చోట బ్లాక్.. ఒక స్టెంట్ చాలా? రెండు కావాలా?

మేడ్చల్, శామీర్‌పేట వైపు హైవే పక్కన ఉండేవాళ్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు. మెయిన్ రోడ్డు బాగుచేసి రెయిలింగ్ వేస్తే బండ్లు సాఫీగా పోతాయి. కానీ ఊళ్లోకి తిరిగే దారికి అదే రెయిలింగ్ అడ్డం పడుతుంది. గుండె రక్తనాళం రెండుగా చీలే చోట బ్లాక్ వస్తే డాక్టర్లకు ఎదురయ్యే చిక్కు కూడా ఇదే.

దీన్ని బైఫర్కేషన్ బ్లాక్ అంటారు. యాంజియోప్లాస్టీ చేసే ప్రతి 100 కేసుల్లో దాదాపు 15 నుంచి 20 ఇలాంటివే. చీలిక దగ్గర రక్తం ఒకే తీరుగా పారదు, అందుకే అక్కడ కొవ్వు త్వరగా పేరుకుంటుంది. పెద్ద నాళంలో స్టెంట్ పెట్టినప్పుడు ఆ కొవ్వు పక్కకు జరిగి, పక్క నాళం మూతి మూసుకుపోవచ్చు. అది పెద్ద నాళమైతే ప్రొసీజర్ మధ్యలోనే గుండెపోటు వచ్చే ముప్పు ఉంటుంది.

ముందు ఒకటే స్టెంట్

ఎక్కువ కేసుల్లో మొదట ఒక్క స్టెంటే వేస్తారు. పక్క నాళం మూసుకుపోకుండా రెండింటిలోకీ సన్నటి వైర్లు పంపి, పెద్ద నాళంలో స్టెంట్ పెడతారు. చీలికకు ముందు నాళం వెడల్పుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకాస్త పెద్ద బెలూన్‌తో స్టెంట్‌ను గోడకు ఆనిస్తారు. పక్క నాళంలో రక్తం బాగా పారుతుంటే అక్కడితో ఆపేస్తారు. లేదంటే స్టెంట్ గడుల్లోంచి బెలూన్ పంపి, రెండు నాళాల్లోనూ ఒకేసారి ఉబ్బిస్తారు. ఇదే కిస్సింగ్ బెలూన్. అప్పటికీ దారి తెరుచుకోకపోతేనే రెండో స్టెంట్.

రెండు ఎప్పుడు?

పక్క నాళం పెద్దదై, బ్లాక్ లోపలిదాకా ఉంటే మొదటే రెండు స్టెంట్లకు ప్లాన్ చేస్తారు. ‘డీకే క్రష్’ పద్ధతిలో పక్క నాళంలో స్టెంట్ వేసి, బయటకు వచ్చిన అంచును బెలూన్‌తో గోడకు నొక్కేస్తారు. పెద్ద నాళంలో స్టెంట్ వేయడానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కిస్సింగ్ బెలూన్ చేస్తారు.

ఏది మేలు? గుండెకు ప్రధానమైన ఎడమ నాళం చీలికపై 2017లో వెలువడిన డీకే క్రష్-5 అధ్యయనంలో, ఏడాదిలో చికిత్స విఫలమైనవారు డీకే క్రష్‌లో 5 శాతం, ఒక స్టెంట్‌తో మొదలుపెట్టే పద్ధతిలో 10.7 శాతం. 2021 నాటి యూరప్ అధ్యయనం ఈబీసీ మెయిన్‌లో మాత్రం మొదటే రెండు స్టెంట్లు వేస్తే అదనపు లాభం కనిపించలేదు. అంటే రెండో స్టెంట్ వేస్తే మంచి వైద్యం అనీ కాదు, డబ్బు కోసమే అనీ కాదు. బ్లాక్ తీరును బట్టే నిర్ణయం.

డాక్టర్‌ను ఇవి అడగండి

పక్క నాళం ఎంత పెద్దది? బ్లాక్ లోపలికి ఎంత దూరం ఉంది? రెండో స్టెంట్ ఎందుకు? ఈ మూడూ మొహమాటం లేకుండా అడగొచ్చు. స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది, కాబట్టి బిల్లులో స్టెంట్ ధర విడిగా చూసుకోవాలి.

ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే గ్యాస్ అనుకుని ఆగొద్దు. బండి మీద బయల్దేరకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.