హెచ్.ఐ.వి. మందులు పనిచేయు విధము

హెచ్.ఐ.వి. యను వైరసునకు తనంతట తాను వృద్ధినొందు శక్తి లేదు. అది మన రక్తమునందలి రక్షకకణములలో జొచ్చి, తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చి, మన కణముయొక్క డి.ఎన్.ఏ.లోనే కలిపివేయును. పిమ్మట ఇంటివాడే దొంగకు వండిపెట్టినట్లు, ఆ కణమే దాని సంతతిని పుట్టించును.

1987లో అమెరికాలో అనుమతి పొందిన జిడోవుడిన్ ఈ మార్పును నడుమనే యాపును. అది నకిలీ పూసవలె డి.ఎన్.ఏ. దండలో జేరును, దానికి తరువాతి పూస యతుకదు. ఒక్క మందునే వాడినచో వైరసు రూపు మార్చుకొని తప్పించుకొనును గనుక, 1996 మొదలు మూడేసి మందులు కలిపి యిచ్చుట వాడుకయైనది. మన ప్రభుత్వము 2004 నుండి వీనిని ఉచితముగా నొసగుచున్నది.

ఇవి నిరపాయములని చెప్పరాదు. జిడోవుడిన్ కొందరికి రక్తహీనత కలిగించును; ఎఫావిరెంజ్ వింతకలలు తెచ్చును; టెనోఫోవిర్ మూత్రపిండములకు హాని చేయవచ్చును గనుక అప్పుడప్పుడు పరీక్ష కావలెను. నేడు విరివిగా వాడు డోలుటెగ్రవిర్ కొంత సౌమ్యము. అయినను దానివలన కొందరికి నిద్ర చెడును, బరువు పెరుగును. బాధ కలిగినచో వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలెనే గాని మానరాదు. వైరసు కొన్ని కణములలో నిద్రించుచుండును. మాత్ర మానిన కొలది వారములలోనే మేల్కొనును. ఇరుగుపొరుగువారి కంటబడునని బిడ్డల మాత్రలు దాచి వేళ దప్పించు తలిదండ్రులును గలరు. అట్టి బాలునితో ఒక్క బల్లపై గూర్చున్నను, ఒక్క చెంబునీరు త్రాగినను ఈ వ్యాధి సోకదు.