‘తొలగించు’ అనే క్రియ – టికె విడ్జెట్ల మెమరీ నిర్వహణ

‘తొలగించు’ అనే తెలుగు క్రియ కంటికి కనబడకుండా చేయడానికీ, పూర్తిగా లేకుండా చేయడానికీ ఒకేలా చెల్లుతుంది. సాధారణ వచనంలో దీనివల్ల నష్టం లేదు. ప్రోగ్రామింగ్ పాఠంలో మాత్రం ఈ సందిగ్ధత పొరపాటుకు దారితీస్తుంది. టికె ఉపకరణ సముదాయం ఇందుకు మంచి నిదర్శనం.

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టిసిఎల్ అనే స్క్రిప్టింగ్ భాషకు శ్రీకారం చుట్టారు. తెరపై బటన్లు, లేబుళ్లు, విండోలు నిర్మించడానికి దానికి తోడుగా ఆయన రూపొందించినదే టికె. టికింటర్ రూపంలో ఇది పైథాన్‌తో పాటే లభిస్తుంది కనుక, సొంతంగా చిన్న పనిముట్లు తయారుచేసుకొనే సాహిత్య పరిశోధకులకూ అందుబాటులో ఉంది.

ఒక కావ్యంలోని పదప్రయోగాలను వెతికి, 200 పాదాలను 200 లేబుళ్లుగా చూపే పనిముట్టు ఉందనుకుందాం. కొత్త పదం అడిగినప్పుడు పాత లేబుళ్లను ‘ప్యాక్ ఫర్గెట్’తో తీసివేస్తే తెర ఖాళీ అవుతుంది; లేబుళ్లు మెమరీలోనే ఉంటాయి. ఆ ఆదేశం మరచిపొమ్మని చెప్పేది అమరికను చూసే ప్యాకర్‌కు మాత్రమే. ఇలా 50 పదాలు వెతికేసరికి 10,000 లేబుళ్లు పోగుపడతాయి.

పైథాన్‌లోని ‘డెల్’ కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది చెరిపేది చలరాశి పేరునే; మాతృ విడ్జెట్ తన పిల్లల పట్టికలో ఆ లేబుల్‌ను ఇంకా పట్టుకొనే ఉంటుంది. అసలు పని చేసేది ‘డిస్ట్రాయ్’. టికెలో విడ్జెట్లన్నీ ఒక వృక్షంగా ఉంటాయి; ఒక ఫ్రేమ్‌ను నిర్మూలిస్తే దాని సంతతి అంతా పోతుంది. కాబట్టి ఫలితాలన్నిటినీ ఒకే ఫ్రేమ్‌లో ఉంచి, దానినొక్కదాన్నే నిర్మూలించడం సుకరం. ఆ తరువాత పాత లేబుల్‌లో పాఠం మార్చబోతే దోషసందేశం వస్తుంది. పైథాన్ వస్తువు మిగిలే ఉంటుంది, అది సూచించే విడ్జెట్ ఉండదు. ఈ మూడు పనులకూ ‘దాచు’, ‘పేరు విడుచు’, ‘నిర్మూలించు’ అనే వేర్వేరు మాటలు వాడితే పాఠకునికి ఈ చిక్కు ఉండదు.

బొమ్మల విషయంలో ఇది తలకిందులవుతుంది. తాళపత్ర చిత్రాన్ని లేబుల్‌లో చూపిస్తూ, ఆ చిత్రవస్తువును ఫంక్షన్‌లోని స్థానిక చలరాశిలోనే ఉంచితే, ఫంక్షన్ ముగియగానే చిత్రం మాయమై లేబుల్ ఖాళీ చోటుగా మిగులుతుంది. ఇక్కడ పేరు విడవడమే నిర్మూలన. లేబుల్ ఉన్నంతకాలం చిత్రాన్ని ఏదో ఒక పేరు పట్టుకొని ఉండాలి. ఆ లేబుల్‌కే ఒక లక్షణంగా జతచేయడం వాడుకలో ఉన్న ఉపాయం.