టీఎస్‌హెచ్ పెరిగింది.. మరి థైరాయిడ్?

ఎండాకాలం అనంతపురంలో నీరసం ఎవరికుండదులే అనుకున్నా. జుట్టు రాలితే బోరు నీళ్లను తిట్టుకున్నా. 40 డిగ్రీల ఎండలోనూ చలేస్తుంటే మాత్రం అనుమానమొచ్చి రక్తపరీక్ష చేయించుకున్నా. టీఎస్‌హెచ్ 18! మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. టీ4 ఏమో తక్కువ.

‘థైరాయిడ్ ఎక్కువైందంట’ అని అమ్మ ఊరంతా చెప్పేసింది. నిజానికి తగ్గింది. మా చేన్లో బోరుకు నీళ్లు తగ్గితే మోటారు ఎక్కువసేపు తిరుగుతుంది చూడండి, అలాగన్నమాట. గొంతులోని గ్రంథి హార్మోన్ సరిగా ఇవ్వకపోతే, మెదడు కిందున్న పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచి ‘ఇంకా తోడు’ అని తరుముతుంది. వదిలేస్తే పీరియడ్స్ గాడి తప్పుతాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది.

ఇప్పుడు రోజూ పరగడుపున లెవోథైరాక్సిన్ మాత్ర. అరగంట దాకా కాఫీ బంద్, అదే పెద్ద శిక్ష! ఐరన్ మాత్రకైతే 4 గంటల ఎడం. 6 వారాలకు మళ్లీ చూస్తే 5.1. డాక్టర్ డోసు కాస్త పెంచారు. మొన్న దుప్పటి లేకుండా నిద్రపోయా.