కలలో ఎరుకకు దారి సంకల్పమే

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు మూలం ఒక కల అని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. బట్టలు ఉతకడానికి వచ్చిన దంపతులు పొద్దుపోయి చెరువు దగ్గరే నిద్రపోయారనీ, అక్కడ సమాధులున్న బారాషహీదులు, అంటే పన్నెండుమంది అమరవీరులు, భార్యకు కలలో కనిపించి, తమ సమాధుల దగ్గరి మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందని చెప్పారనీ కథ. అక్కడికి దగ్గర్లోని గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో భక్తులు రాత్రి నిద్ర చేస్తారు. కలలో స్వామి దర్శనం కోసం ఎదురుచూసేవారూ వారిలో ఉంటారు. విశ్వాసం సంగతి విశ్వాసులకే వదిలి, ఈ ఆచారంలోని మనసు తీరును మాత్రం చూద్దాం. ఒక కోరికను గట్టిగా తలచుకుని పడుకుంటే అది కలలోకి రాగలదు. అమెరికా మనస్తత్వవేత్త డీర్‌డ్రా బారెట్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు తమ సమస్యను తలచుకుంటూ వారం రోజులు పడుకున్నారు. దాదాపు సగం మందికి దానికి సంబంధించిన కల వచ్చింది. కలగంటున్నామని కలలోనే తెలుసుకునే సాధనకు కూడా పునాది ఈ సంకల్పమేనన్నది నా వాదన.

రెండింటికీ తేడా లేకపోలేదు. ఆశ్రమంలో పడుకున్నవారు కల తమ దగ్గరికి రావాలని కోరుకుంటారు. ఈ సాధనలోనేమో, కల నడుస్తుండగానే 'ఇది కల' అని గుర్తించాలి. నిద్రలో ఎరుక ఎలా సాధ్యం, అది క్షణకాలపు మెలకువే కదా అన్న అభ్యంతరం చాలాకాలం ఉండేది. దానికి కళ్లు జవాబు చెప్పాయి. కలలు ఎక్కువగా వచ్చే దశలో ఒళ్లంతా సడలిపోయినా కనుగుడ్లు కదులుతూనే ఉంటాయి. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్ ప్రయోగంలోనూ, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ ప్రయోగాల్లోనూ, నిద్రపోతున్నవారు ముందే అనుకున్న ప్రకారం కలలోంచి కళ్లు కుడి ఎడమలకు తిప్పి సంకేతమిచ్చారు. వారు నిద్రలోనే ఉన్నారని యంత్రాలు నమోదు చేశాయి. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు కలలో ఉన్న కొందరిని చిన్న లెక్కలు అడిగి జవాబులు రాబట్టారు.

లాబెర్జ్ పద్ధతి సులువైనదే. కలలోంచి మెలకువ రాగానే ఆ కలను పూర్తిగా గుర్తు తెచ్చుకోవాలి. 'ఈసారి కల వస్తే అది కలని గుర్తుపడతాను' అని అర్థం మనసుకెక్కేలా అనుకుంటూ, అదే కలలో ఉండి దాన్ని కలగా గుర్తించినట్టు ఊహించుకుంటూ నిద్రలోకి జారాలి. పగలు అప్పుడప్పుడు ఒక అక్షరాన్ని రెండుసార్లు చూసి మారిందేమో గమనించడం ఇంకో అలవాటు. అది కలలోనూ కొనసాగితే తేడా తెలుస్తుంది, ఎందుకంటే కలలో రాత నిలకడగా ఉండదు. తెల్లవారుజామున కలల దశ నిడివి పెరుగుతుంది కాబట్టి, అయిదు గంటలు నిద్రపోయాక కాసేపు లేచి మళ్లీ పడుకోవడం మూడో ఉపాయం. ఆస్ట్రేలియాలో డెన్‌హోమ్ ఆస్పీ 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఈ మూడు తరహా పద్ధతులూ కలిపి చేసినవారి ప్రయత్నాలు దాదాపు 17 శాతం ఫలించాయి. సంకల్పం చెప్పుకున్న అయిదు నిమిషాల్లోపే నిద్ర పట్టిన సందర్భాల్లో అది 46 శాతం దాకా వెళ్లింది.

ఇంత తక్కువ ఫలితానికి ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. పదేపదే పీడకలలు వచ్చేవారికి, అది కలేనని గుర్తుపట్టడం భయాన్ని తగ్గించే అవకాశం ఉంది. నిద్ర చెడుతుందన్న అభ్యంతరం మాత్రం పూర్తిగా సరైనదే. మైపాడు, కృష్ణపట్నం తీరాల్లో చీకటితోనే వేటకు బయల్దేరే మత్స్యకారుడికీ, రాత్రి డ్యూటీ చేసే కార్మికుడికీ ఉన్న నిద్రే చాలదు. వారు అలారం పెట్టుకుని నిద్ర భంగం చేసుకోకూడదు. నిజానికీ భ్రమకూ మధ్య గీత చెరిగిపోయే మానసిక సమస్య ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ఈ జోలికి పోరాదు. మిగిలినవారు మంచం పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకుని, లేవగానే కల రాసుకోవడంతో మొదలుపెట్టండి. రాత్రి పడుకోబోయే ముందు సంకల్పం చెప్పుకోండి. నిద్రను పణంగా పెట్టి మాత్రం ఏ కలనూ కోరకండి.