లావైనవారందరూ తిండిపోతులా?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెంచే ఎలుకలలో 1990 దశకంలో ఒక వింత కనబడింది. తోటివాటి మేతే తింటున్నా కొన్ని విపరీతంగా లావెక్కాయి. పరీక్షించగా అది వంశపారంపర్యమని తేలింది. కొవ్వు కణాలు లెప్టిన్ అను హార్మోనును రక్తంలోకి వదలి, "ఇక చాలు" అని మెదడుకు కబురు చేస్తాయి. దాని జన్యువును 1994లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. ఈ ఎలుకలలో లెప్టిన్‌కు కొదువ లేదు. కబురే మెదడు చెవిన పడదు. ఇంకా తింటూనే ఉంటాయి.

మా బడంగ్‌పేట సంఘంలో ఒక సహోదరి, "నోరు కట్టుకోరాదా అమ్మా" అన్న మాటకు నొచ్చుకొని ప్రేమవిందుకు రావడమే మానుకున్నది. ఆమె తల్లిదీ, అమ్మమ్మదీ అదే ఒళ్లు. అన్నవారికి ఒక్కటి గుర్తుచేశాము: న్యాయాధిపతుల గ్రంథము మోయాబు రాజైన ఎగ్లోనును స్థూలకాయుడని చెప్పుచున్నదే గాని తిండిపోతని చెప్పలేదు.

అయితే "మా వంశమే ఇంత" అంటూ బిర్యానీ మారు వడ్డించుకొనేవారికీ ఒక మాట. 2007లో ఐరోపావారిలో లావుతో సంబంధం బయటపడిన ఎఫ్‌టీఓ జన్యువు, ఆ రూపం తల్లిదండ్రులిద్దరి నుండీ వచ్చినా, సగటున పెంచే బరువు దాదాపు 3 కిలోలే. ముప్పై కాదు! ఒకే జన్యువు లోపంతో పసితనంలోనే విపరీతంగా ఒళ్లు వచ్చే బిడ్డలు బహు అరుదు. అట్టివారిని పస్తులుంచక, వెంటనే వైద్యునికి చూపించాలి.